నీటి మీటర్లకు 72 ఫ్లాట్లు ఒప్పుకోవడానికి ఐదు నెలలు: నచ్చజెప్పడంపై ఒక కేస్ స్టడీ

బెంగళూరులో వైట్‌ఫీల్డ్ దాటి కాడుగోడి వైపు ఉన్న అపార్ట్‌మెంట్. నాలుగు బ్లాకులు, బ్లాకుకు 18 చొప్పున 72 ఫ్లాట్లు. వాటిలో 66 ఫ్లాట్లలో జనం ఉంటున్నారు, మొత్తం 210 మంది దాకా. సగానికి పైగా తెలుగువాళ్ళు, తక్కినవాళ్ళు కన్నడ, తమిళం, హిందీ మాట్లాడేవాళ్ళు. అసోసియేషన్ కార్యదర్శి కడప జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన 36 ఏళ్ళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఫ్లాట్ ఫ్లాట్‌కూ నీటి మీటర్ పెట్టించాలని ఆమె ప్రయత్నం. మొదటిసారి ఓడిపోయాక నచ్చజెప్పడం నేర్చుకోవాలని మా దగ్గరికి శిక్షణకు వచ్చారు. మనుషుల్ని గుర్తుపట్టకుండా వివరాలు మార్చాం, పోలికలున్న ఒకటి రెండు కేసుల అనుభవాన్నీ ఇందులోనే కలిపాం.

2025 ఫిబ్రవరి చివరి లెక్క ఇది. రోజుకు 48,000 లీటర్ల వాడకం. బోరు 12,000 ఇస్తోంది. మిగతా 36,000 లీటర్లు మూడు ట్యాంకర్లు. ఒక్కో ట్యాంకర్‌కు 1,400 రూపాయలు, అంటే నెలకు 1,26,000. దీన్ని 72 ఫ్లాట్లకు సమానంగా పంచితే ఫ్లాటుకు 1,750. ఇద్దరున్న ఇంటికీ అంతే, ఆరుగురున్న ఇంటికీ అంతే. తలకు రోజుకు సుమారు 228 లీటర్లు పడుతోంది. నగరాల్లో గృహావసరాలకు మన దేశంలో ప్రమాణంగా తీసుకునేది 135 లీటర్లు.

ఆ లెక్క చూపిస్తే ఎవరైనా ఒప్పుకుంటారని కార్యదర్శి అనుకున్నారు. జనరల్ బాడీ మీటింగ్‌లో 22 స్లైడ్లు వేసి 40 నిమిషాలు మాట్లాడారు. ఒక్కో ఫ్లాటుకు మూడు ఇన్‌లెట్లు, అంటే నీళ్ళు లోపలికొచ్చే పైపులు ఉన్నాయి: వంటగదికీ యుటిలిటీకీ కలిపి ఒకటి, రెండు బాత్రూములకు రెండు. కాబట్టి 216 మీటర్లు కావాలి. బిగింపుతో కలిపి ఒక్కోటి 2,300. ఫ్లాటుకు 6,900 కట్టాలి. హాజరైన 41 మందిలో 15 మంది సరేనన్నారు, 26 మంది వద్దన్నారు.

మొదటి మీటింగ్‌లో ఏం చెడింది

లెక్కల్లో తప్పు లేదు. చెడింది వేరేచోట.

నాలుగో స్లైడ్‌కు పెట్టిన శీర్షిక "నీటి వృథా". గదిలో ఉన్నవాళ్ళకు అది "మీరు దుబారా చేస్తున్నారు" అన్నట్టు వినిపించింది. వృథా ఎక్కడ జరుగుతోందో ఆమెకూ తెలియదు, ఎందుకంటే అప్పటికి ఏ పైపుకూ మీటర్ లేదు. తెలియని విషయంలో నింద ముందొచ్చింది. ఇక ఎదుటివాళ్ళు లెక్కలు చూడటం మానేసి తమ పరువు కాపాడుకునే పనిలో పడ్డారు.

రెండోది, ప్రతిపాదన అందరికీ తెలిసింది వాట్సాప్ గ్రూపులో. అక్కడ మొదట స్పందించింది మాజీ అధ్యక్షుడు. "ఇదెందుకు ఇప్పుడు?" అన్నారు. నలుగురి ముందు ఒకసారి వద్దన్నాక ఎవరూ తేలిగ్గా వెనక్కి తగ్గలేరు, మాట పోతుందని. వాట్సాప్ గ్రూపు సమాచారం చెప్పుకోవడానికి పనికొస్తుంది. మనసు మార్చడానికి అది అన్నిటికంటే చెడ్డ చోటు.

మూడోది, అడిగినదంతా ఒకేసారి అడిగారు: డబ్బు, గోడలో పైపు కోత, కొత్త బిల్లింగ్ పద్ధతి. ఇందులో ఏ ఒక్కటి నచ్చకపోయినా మొత్తానికి "వద్దు" అనడమే దారి.

కారణం చెప్పారు కదా అనొచ్చు. 1978లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎలెన్ లాంగర్ బృందం ప్రచురించిన జిరాక్స్ మెషిన్ ప్రయోగాన్ని చాలామంది సగమే చెబుతారు. మెషిన్ దగ్గర కాపీ తీసుకోబోతున్నవాళ్ళను "5 పేజీలు తీసుకోనిస్తారా" అని ఊరికే అడిగితే 60 శాతం ఒప్పుకున్నారు. తొందరలో ఉన్నానని చెబితే 94 శాతం. "కాపీలు తీసుకోవాలి కాబట్టి" అనే అర్థం లేని కారణానికి కూడా 93 శాతం. ఇంతవరకే చెప్పి, ఏదో ఒక కారణం తగిలిస్తే చాలంటారు. పేజీలు 20 అయినప్పుడు ఆ ఉత్తుత్తి కారణానికి వచ్చింది 24 శాతమే, ఏ కారణమూ చెప్పనప్పటితో సమానం. నిజమైన కారణానికి 42 శాతం. చిన్న సాయానికి మాట తీరు చాలు, పెద్ద కోరికకు వినేవాడికి పనికొచ్చే కారణం కావాలి. 6,900 రూపాయలు, గోడ కోత అన్నవి 20 పేజీల కోవలోకి వస్తాయి. "నీళ్ళు విలువైనవి" అన్నది అక్కడ ఉత్తుత్తి కారణమే.

ఐదు వారాలు: వినడం మాత్రమే

మార్చి నెలంతా, ఏప్రిల్ మొదటి వారం ఆమె ప్రతిపాదన ఊసెత్తలేదు. వద్దన్న 26 మందిలో 19 మంది ఇళ్ళకు వెళ్ళారు. మిగతా ఏడుగురు ఊళ్ళో లేరు. పెట్టుకున్న నియమాలు ఇవి. ముందు ఫోన్ చేసి సమయం అడగాలి. ఆదివారం ఉదయం 10 నుంచి 12 మధ్య, లేదా పనిరోజుల్లో రాత్రి 8 తర్వాత వెళ్ళాలి. 20 నిమిషాలకు మించి కూర్చోకూడదు, వాళ్ళే కూర్చోమంటే తప్ప. చేతిలో కాగితాలు, ల్యాప్‌టాప్ ఉండకూడదు. మొత్తం మాటల్లో తనవి మూడో వంతు దాటకూడదు.

నాలుగు ప్రశ్నలు:

"ఆ రోజు మీటింగ్‌లో నేను చెప్పినదాంట్లో మీకు ఏది నచ్చలేదండి?"
"అది అలాగే జరిగితే మీ ఇంటికి ఏం ఇబ్బంది వస్తుంది?"
"ట్యాంకర్ల ఖర్చు సంగతి మీరైతే ఏం చేసేవారు?"
"ఇంకెవరితో మాట్లాడమంటారు?"

మొదటి ప్రశ్నలో "ఎందుకు" లేదు. "ఎందుకు వద్దన్నారు" అని అడిగితే మనిషి తన మాటను సమర్థించుకోవడానికి కొత్త కారణాలు వెతుక్కుని ఇంకా గట్టిపడతాడు. "ఏది నచ్చలేదు" అంటే ఒక వస్తువును వేలితో చూపించడం లాంటిది, తేలిక. నాలుగో ప్రశ్న విలువ తర్వాత తెలిసింది. 19 మందిలో 11 మంది చెప్పిన పేరు ఒక్కటే: మాజీ అధ్యక్షుడు.

మన భాషలో "కాదు" అన్న మాట సూటిగా రాదు. దీని మీద ఆమెతో ఎక్కువసేపు పనిచేయాల్సి వచ్చింది, ఎందుకంటే మొదటి మీటింగ్‌కు ముందు కనీసం పదిమంది తనకు సరేనన్నారని ఆమె నమ్మకం. వాళ్ళన్న మాటలు నోట్‌బుక్‌లో రాయించాం. "చూద్దాం లెండి" అంటే దాదాపు కాదనే. "మావారిని అడిగి చెప్తా" అంటే రెండు అర్థాలు: నిజంగానే నిర్ణయం వాళ్ళిద్దరిదీ కావచ్చు, లేదా మొహం మీద కాదనలేక తప్పించుకోవడం కావచ్చు. తేడా తెలియాలంటే "ఎప్పుడు ఫోన్ చేయమంటారు?" అని అడగాలి. రోజు, వేళ చెబితే మొదటిది. "నేనే చేస్తా లెండి" అంటే రెండోది. "అందరూ ఎలా అంటే అలా" అన్నవాళ్ళకు వ్యతిరేకత లేదు, ముందుగా చెయ్యెత్తే ధైర్యం లేదు, అంతే. వీళ్ళను వదులుకోకూడదు. "మంచి ఆలోచన అమ్మా, కానీ..." అన్నప్పుడు "కానీ" తర్వాత వచ్చేదే అసలు మాట. అక్కడ అడ్డుపడి జవాబు చెప్పడం ఆమె అలవాటు. మానడానికి మూడు వారాలు పట్టింది.

మీటింగ్‌లో అందరూ గట్టిగా అన్నది "ఖర్చెక్కువ". ఇళ్ళలో విన్నది వేరు. 19 మందిలో ఖర్చే నిజమైన కారణమైనవాళ్ళు ఇద్దరు. ఏడుగురివి పెద్ద కుటుంబాలు. "మా అత్తమామలు మాతోనే ఉంటారు, ఆరుగురం. మీటర్ పెడితే దండన మాకే" అన్నది వాళ్ళ బాధ. ఐదుగురు ఫ్లాటు అద్దెకిచ్చిన ఓనర్లు: మీటర్ ఖర్చు వాళ్ళది, నీళ్ళు ఆదా అయితే లాభం అద్దెకున్నవాళ్ళది. ముగ్గురికి ఎవరింట్లో ఎన్ని లీటర్లు వాడారో గ్రూపులో పెడతారని సంకోచం. మిగతా ఇద్దరు మాజీ అధ్యక్షుడు, ఆయన స్నేహితుడు. 2018లో సంప్ పెద్దది చేయించింది, ట్యాంకర్ వాళ్ళతో ఒప్పందం కుదిర్చింది ఆయనే. 22 స్లైడ్లలో ఆ మాట ఎక్కడా లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం గురించి విడిగా చెప్పాలి. చాలామంది "కావేరి ఐదో దశ వచ్చింది కదా, ఇంకెందుకు మీటర్లు" అన్నారు. బెంగళూరుకు కావేరి నీళ్ళు తెచ్చే ఆ పథకం 2024 అక్టోబర్‌లో ప్రారంభమైంది. నగరంలో కలిసిన 110 గ్రామాల ప్రాంతానికి రోజుకు 775 మిలియన్ లీటర్లు దాని సామర్థ్యం. ఆమెకు తోచిన జవాబు "మనకెప్పుడొస్తుందో ఎవరికి తెలుసు" అని. అది వాదం పెంచుతుంది. దాని బదులు: "అవునండి, రావాలనే నేనూ కోరుకుంటున్నా. వచ్చాక కూడా నీటి బోర్డు వాళ్ళు బిల్లు వేసేది కిలోలీటర్ల లెక్కనే కదా. ఆ బిల్లును అప్పుడెలా పంచుకుందాం అంటారు?" ఎదుటివాడి మాట నిజమని ఒప్పుకుని, దాని మీదే తన ప్రశ్న నిలబెట్టడం.

ప్రతిపాదన తిరగరాయడం

విన్నదాన్ని బట్టి నాలుగు మార్పులు చేశారు. వీటిలో ఏదీ మాటల గారడీ కాదు, ప్రతిపాదనే మారింది. ఎదుటివాళ్ళ ఇబ్బంది తీరకుండా మాట తీరు ఒక్కటే మార్చి ఒప్పించాలనుకునేవాళ్ళు మొదటి బిల్లు రోజున దొరికిపోతారు.

పెద్ద కుటుంబాల కోసం ఫ్లాటు లెక్క మాని తల లెక్క పెట్టారు. మనిషికి రోజుకు 135 లీటర్లు మామూలు మెయింటెనెన్స్‌లోనే కలిసి ఉంటాయి. నలుగురికి నెలకు 16,200, ఆరుగురికి 24,300. దాటితే వెయ్యి లీటర్లకు 117 రూపాయలు, ట్యాంకర్ ధరను లీటర్లతో భాగిస్తే వచ్చే అసలు ధరే. జరిమానా లేదు, లాభం లేదు. "దండన" అన్న మాటకు చోటు పోయింది.

అద్దెకిచ్చిన ఓనర్లకు మీటర్ డబ్బు ఆరు నెలల్లో ఆరు వాయిదాలు, నెలకు 1,150. అదనపు వాడకం బిల్లు అద్దెకున్నవాళ్ళ పేరునే. రీడింగులు గ్రూపులో పెట్టరు, ఏ ఇంటిది ఆ ఇంటికే కాగితం మీద.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం: కోరికను చిన్నది చేయడం. ముందు ఫ్లాట్లకు మీటర్లే వద్దు. నాలుగు బ్లాకుల ఓవర్‌హెడ్ ట్యాంకుల నుంచి కిందికి దిగే పైపులకు నాలుగు పెద్ద మీటర్లు, మొత్తం 38,000. 50,000 లోపు ఖర్చుకు కమిటీ అనుమతి చాలు, జనరల్ బాడీ అక్కర్లేదు. అయినా ప్రతి బ్లాకులో ఇద్దరేసి పెద్దలకు ముందుగా చెప్పి పెట్టించారు.

రీడింగ్ రోజూ ఉదయం 7కు, రాత్రి 10కి. వారంలో రెండు రాత్రులు ఒంటిగంటకు, మళ్ళీ నాలుగింటికి. ఆ మూడు గంటల్లో అందరూ నిద్రలో ఉంటారు కాబట్టి మీటర్ తిరిగిందంటే అందులో ఎక్కువ భాగం లీకే. బీ, సీ, డీ బ్లాకుల్లో ఆ సమయానికి 90 నుంచి 150 లీటర్లు. ‘ఏ’ బ్లాకులో 1,080. అంటే గంటకు 360, రోజుకు 8,640 లీటర్లు. ముప్పావు ట్యాంకర్‌కు దగ్గర.

ఆ ‘ఏ’ బ్లాకులోనే మాజీ అధ్యక్షుడి ఫ్లాటు. ఆ అంకె వాట్సాప్‌లో పెట్టాలని కార్యదర్శికి గట్టిగా అనిపించింది. పెట్టవద్దన్నాం. ఆమె ఆ కాగితం తీసుకుని ఆయన ఇంటికే వెళ్ళారు.

"అంకుల్, ఈ సంప్, ఈ పైపులైన్లు మీ హయాంలో వేసినవి. లైన్ల సంగతి మీకు తెలిసినంతగా నాకు తెలియదు. రాత్రిపూట మన ‘ఏ’ బ్లాకులో ఇంత పోతోంది. ఎక్కడ చూడమంటారు?"

ఇందులో పొగడ్త లేదు, ప్రతి మాటా నిజం. ఆయన కళ్ళజోడు పెట్టుకుని కాగితం చూసి, "ఫ్లష్ ట్యాంకులు చూడమ్మా ముందు" అన్నారు. ప్లంబర్‌ను వెంటబెట్టుకుని 18 ఫ్లాట్లూ చూశారు. పరీక్ష తేలిక: ఫ్లష్ ట్యాంకులో నాలుగు చుక్కల తినే రంగు వేసి 20 నిమిషాలు ఎవరూ ఫ్లష్ చేయకుండా ఆగాలి. కింద గిన్నెలోకి రంగు దిగితే లోపలి వాషర్ పోయినట్టే. తొమ్మిది ట్యాంకులు కారుతున్నాయి. మరమ్మతుకు ఒక్కోదానికి 400 దాటలేదు. వారంలో ‘ఏ’ బ్లాకు వాడకం రోజుకు 16,500 నుంచి 8,500కు దిగింది. నోటీసు బోర్డులో రాసింది ఇంతే: "‘ఏ’ బ్లాకులో 9 ఫ్లష్ ట్యాంకుల వాషర్లు అరిగిపోయి ఉంటే మార్చాం. రోజుకు సుమారు 8,000 లీటర్లు మిగులుతున్నాయి." ఫ్లాట్ నంబర్లు లేవు. తప్పు వాషర్ల మీదికి పోయింది, మనుషులు తేలికపడ్డారు.

రెండో మీటింగ్

ఏప్రిల్ చివర్లో. ఈసారి అడిగింది సీ బ్లాకు 18 ఫ్లాట్లకే, 54 మీటర్లు, 1,24,200 రూపాయలు, అసోసియేషన్ ఉమ్మడి నిధి అయిన కార్పస్ ఫండ్ నుంచి. రెండు నెలలు రీడింగ్ మాత్రమే, బిల్లు లేదు. నచ్చకపోతే అక్కడితో ఆపేయడం. డబ్బు గురించి చెప్పిన వాక్యం: "ఒక నెల ట్యాంకర్లకు పోసే డబ్బు ఇది." మీటింగ్ ముందురోజుకే కనీసం 35 మంది ఏమంటారో ఆమెకు తెలుసు. మీటింగ్‌లో ఒప్పించబోతున్నామని అనుకోవడమే పొరపాటు. ఒప్పించడం అయిపోయాక దాన్ని నలుగురి ఎదుట ఖాయం చేయడానికే మీటింగ్.

ఆమె మాట్లాడింది ఆరు నిమిషాలు. రాత్రి రీడింగుల సంగతి మాజీ అధ్యక్షుడు తానే చెప్పారు. తర్వాత ప్రతి బ్లాకు వాళ్ళూ విడివిడిగా కూర్చుని పది నిమిషాలు మాట్లాడుకుని, చేతులెత్తారు. ఈ పద్ధతికి ఆధారం మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలోని అయోవాలో చేసిన ప్రయోగం. మాంసం కొరత రోజుల్లో గుండె, మూత్రపిండాల వంటి భాగాలు వండమని గృహిణులకు కొన్ని గుంపుల్లో ఉపన్యాసం ఇచ్చారు, కొన్ని గుంపుల్లో వాళ్ళలో వాళ్ళను మాట్లాడుకోనిచ్చి చివర్లో చేతులెత్తించారు. ఉపన్యాసం విన్నవాళ్ళలో తర్వాత వండింది 3 శాతం. మాట్లాడుకున్నవాళ్ళలో 32 శాతం.

ఇంకో మెళకువ మన భాషలో జాగ్రత్తగా వాడాలి. ఫ్రాన్స్‌లో గెగెన్, పాస్కల్ అనే పరిశోధకులు 2000లో రాసిన ప్రయోగంలో బస్సు చార్జీకి చిల్లర అడుగుతూ "ఇవ్వడం ఇవ్వకపోవడం మీ ఇష్టం" అని చేర్చినప్పుడు ఇచ్చినవాళ్ళు 10 శాతం నుంచి 47.5 శాతానికి పెరిగారు. కానీ తెలుగులో "మీ ఇష్టం" అన్న మాట స్వరం కాస్త మారితే అలిగినట్టు, బెదిరించినట్టు ఉంటుంది. ఆమె నోట మొదట అలాగే వచ్చింది, ఫోన్‌లో రికార్డు చేసి వినిపిస్తే తానే గుర్తుపట్టారు. మార్చుకున్న వాక్యం: "వద్దనిపిస్తే వద్దనే చెప్పండి, నేనేమీ అనుకోను." ఆ తర్వాత మనసులో నాలుగు అంకెలు లెక్కపెట్టే వరకు నోరు విప్పకూడదు. ఈ మౌనం కోసం రోజూ సాధన చేశారు: 90 సెకన్లలో ప్రతిపాదన చెప్పి రికార్డు చేయడం, విని "అంటే", "యాక్చువల్‌గా", "నేను చెప్పేదేంటంటే" లాంటివి తీసేయడం, మళ్ళీ చెప్పడం. రోజుకు మూడుసార్లు.

వచ్చిన 58 మందిలో 44 మంది ఒప్పుకున్నారు, 14 మంది వద్దన్నారు.

ఆ మీటింగ్‌కు ముందు ఒక సలహా వచ్చింది: "గవర్నమెంట్ ఫైన్ వేస్తుందని చెప్పు, అందరూ దిగొస్తారు." 2024 మార్చిలో బెంగళూరు జల మండలి 5,000 రూపాయల జరిమానా ప్రకటించిన మాట నిజమే, కానీ అది తాగునీటితో కార్లు కడగడం, తోటలకు పెట్టడం లాంటివాటికి. దాన్ని ఫ్లాట్ మీటర్లకు అంటగట్టడం అబద్ధం. ఆమె చెప్పలేదు. ఇలాంటి భయం పనిచేసినా ఒక్కసారే పనిచేస్తుంది. అసలు సంగతి తెలిసిన మరుక్షణం ముందు చెప్పిన నిజాలను కూడా జనం అనుమానిస్తారు.

మధ్యలో వచ్చిన చిక్కు

మే మూడో వారంలో సీ బ్లాకులో ఒక ఇంటికి వారం రీడింగ్ 9,400 లీటర్లు వచ్చింది. అక్కడుండేది ఇద్దరు. గంటలో గ్రూపంతా "మీటర్లు బోగస్". జరిగింది ఇది: ఓవర్‌హెడ్ ట్యాంకు రెండుసార్లు పూర్తిగా ఖాళీ అయింది, తిరిగి నింపినప్పుడు పైపులో చేరిన గాలి తోసుకొచ్చి ఆ మీటర్‌ను గిర్రున తిప్పింది. చక్రం తిరిగే రకం మీటర్లతో ఇది తెలిసిన ఇబ్బందే. పై అంతస్తుల్లో ఎక్కువ. ట్యాంకు అడుగంటకుండా మట్టం చూసుకోవాలి, నిలువు పైపు పైకొసన గాలి పోయే వాల్వ్ ఉండాలి. ఇక్కడ ఆ వాల్వ్ బిగించడం ప్లంబర్ మర్చిపోయాడు.

కార్యదర్శి మొదట రాసుకున్న జవాబు సాంకేతిక వివరణతో మొదలైంది, 14 వాక్యాలు. పంపింది నాలుగు: "ఆ రీడింగ్ తప్పు. లైన్లో గాలి వల్ల మీటర్ ఎక్కువ తిరిగింది. వాల్వ్ రేపు సాయంత్రం లోపు పెట్టిస్తాం. ఈ వారం సీ బ్లాకు రీడింగులన్నీ రద్దు." తప్పు ఒప్పుకోవడం మొదటి వాక్యంలో, కారణం రెండో వాక్యంలో. కారణం ముందొస్తే సాకులా ఉంటుంది. ఆ ఇంటికి మాత్రం స్వయంగా వెళ్ళారు.

జూన్ చివరికి సీ బ్లాకు వాడకం రోజుకు 11,400 నుంచి 9,300కు తగ్గింది, 18 శాతం. అదంతా మీటర్ల ఘనతగా చెప్పాలని కమిటీలో కొందరికి ఉత్సాహం. కానీ మీటర్లు లేని బీ బ్లాకు కూడా అదే సమయంలో 10,600 నుంచి 10,100కు తగ్గింది, వానలు పడ్డాయి కాబట్టి. రెండు అంకెలూ పక్కపక్కనే పెట్టమన్నాం. జూలై మీటింగ్‌లో మొదట లేచి ప్రశ్న అడిగిన ఆయన పట్టుకొచ్చింది సరిగ్గా ఈ వానల సంగతే. జవాబు అప్పటికే గోడ మీద ఉంది.

హాజరైన 61 మందిలో 52 మంది మిగతా మూడు బ్లాకులకు మీటర్లు పెట్టడానికి ఒప్పుకున్నారు. వద్దన్న 9 మందిలో ఆరుగురు వాయిదాలు మొదలుపెట్టారు. ముగ్గురు ఇంకా కట్టలేదు. ఇద్దరు ఖర్చే నిజమైన ఇబ్బంది అని మార్చిలోనే చెప్పినవాళ్ళు, వాళ్ళకు వాయిదాలు ఆరు నుంచి పన్నెండు చేశారు. మూడో ఆయన విదేశంలో ఉంటారు, ఫ్లాటు ఖాళీ. ఆయన ఇన్‌లెట్లకు మీటర్ బదులు వాల్వ్ కట్టేసి, ఎవరైనా అద్దెకు దిగే రోజున మీటర్ బిగించుకునేలా ఒక కాగితం మీద రాయించుకున్నారు.